వాల్తేరు సముద్రపు నత్తలు: 1864 నాటి వ్యాసంలో పేరు, రంగు, గుర్తింపు

వ్యాససంగ్రహం

ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఎలియట్ వాల్తేరు, విశాఖపట్నం తీరాల్లో సేకరించిన గుల్లలేని సముద్రపు నత్తలను జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్ 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్‌లో వర్ణించారు. తెలుగు తీరపు సముద్రజీవుల అధ్యయనంలో ఇది మూలగ్రంథం వంటి రచన. ఈ వ్యాసం ఆ రచనను శాస్త్రనివేదికగా మాత్రమే కాక ఒక పాఠంగా కూడా పరిశీలిస్తుంది. అందులోని జాతినామాల్లో ఏది ఎవరి సాక్ష్యం, రంగును నమ్మి గుర్తించడం ఎంతవరకు చెల్లుతుంది, నేటి తెలుగు విద్యార్థికి ఈ జీవుల్ని వర్ణించే మాటలు ఎందుకు కావాలి అన్న ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలక పదాలు: న్యూడిబ్రాంక్, వాల్తేరు, వాల్టర్ ఎలియట్, కళింగ ఆర్నేటా, జాతి గుర్తింపు, శాస్త్ర పరిభాష

1. ప్రవేశిక

స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ళో జంతుశాస్త్రం చదివే విద్యార్థికి మొలస్కా అనగానే గుర్తుకు వచ్చేది వరిమడి గట్టు మీద, చెరువు తూము దగ్గర కనిపించే నత్తగుల్ల. పాఠ్యపుస్తకంలో దాని పేరు పైలా. అక్కడి నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అందుచేత మొలస్కా లక్షణాలు చెప్పుకునేటప్పుడు కర్పరం, అంటే గుల్ల, మొదటి లక్షణంగా మనసులో నాటుకుపోతుంది. గుల్ల లేని నత్త బొమ్మ ఎదురైనప్పుడు దాన్ని జలగ అనుకోవడం ఆ విద్యార్థి తప్పు కాదు. మెత్తగా, జిగురుగా, కాళ్ళు లేకుండా పాకే ప్రాణికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట అదే.

అయితే జలగ అనెలిడా వర్గానికి చెందినది. దాని దేహం ఖండితం. సముద్రపు స్లగ్ ఉదరపాది, అంటే నత్తకు దగ్గరి చుట్టం. న్యూడిబ్రాంక్ పిల్ల డింభకదశలో చిన్న గుల్లతోనే ఈదుతుంది. రూపవిక్రియ జరిగేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. కాబట్టి దీన్ని గుల్ల విడిచిన నత్త అనడమే సరి. 'సముద్రపు జలగ' అన్న అనువాదం వినడానికి సులువుగా ఉన్నా, ఒక్క మాటతో జీవిని ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి పంపేస్తుంది. గుర్తింపు అనే పనిలో మొదటి పొరపాటు నీళ్ళలోకి దిగకముందే, భాషలోనే జరుగుతున్నది.

ఈ సమస్యకు తెలుగు నేల మీదే నూట అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొదలైంది వాల్తేరులో.

2. ఎలియట్ సేకరణ

వాల్టర్ ఎలియట్ (1803–1887) పేరు తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. 1845లో అమరావతి స్తూపశిథిలాలను తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించినవాడు ఆయనే. అవి తర్వాత లండన్ చేరి 'ఎలియట్ మార్బుల్స్'గా పేరు పడ్డాయి. 1845 నుంచి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరు. నాణేలు, శాసనాలు, పక్షులు, మొక్కలు, చేపలు ఆయన ఆసక్తికి దూరమైనవేవీ కావు. 1859లో మద్రాసులో ఆయన ప్రచురించిన 'ఫ్లోరా ఆంధ్రికా' ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో సాధారణంగా కనిపించే మొక్కల పట్టిక. అందులో తెలుగు పేరు పక్కన వృక్షశాస్త్ర నామం ఉంటుంది. ఆ గ్రంథానికి తలుపు తెలుగు పేరే. లాటిన్ పేరు ఆ తలుపు తీశాక లోపల కనిపించేది.

అదే మనిషి, అదే కాలంలో, అదే తీరంలో సముద్రపు నత్తలను కూడా సేకరించాడు. సజీవంగా ఉన్నప్పుడే స్థానిక చిత్రకారులతో వాటికి రంగుల బొమ్మలు గీయించాడు. కొన్నింటిని స్పిరిట్‌లో భద్రపరిచాడు. ఈ బొమ్మలు, సీసాలు, వివరాలు ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఆల్డర్, హాన్‌కాక్‌ల చేతికి చేరాయి. బ్రిటిష్ న్యూడిబ్రాంక్‌ల మీద వారు 1845–1855 మధ్య రే సొసైటీ ద్వారా వెలువరించిన బృహద్గ్రంథం అప్పటికే ఈ రంగంలో ప్రామాణికం. వాళ్ళిద్దరిలో ఎవరూ వాల్తేరు చూడలేదు. తాము చూడని తీరంలోని ప్రాణులను వాళ్ళు బొమ్మల్లోనూ, సీసాల్లోనూ చదివారు.

మొక్కల విషయంలో తెలుగు పేరును ముందు నిలిపిన ఎలియట్ దృష్టి ఈ నత్తల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనిచేయలేదు? ఆయన నిర్లక్ష్యం చేశాడని తీర్పు చెప్పడం తేలిక, కాని న్యాయం కాదు. మొక్కకు పేరు వాడుక వల్ల వస్తుంది: మందుకో, కూరకో, పశువుల మేతకో, కలపకో పనికి వచ్చేదానికి పేరుంటుంది. సముద్రంలోనూ అంతే. వంజరానికి, చందువకు, పండుగప్పకు పేర్లున్నాయి. శంఖానికి, గవ్వకు, ఆల్చిప్పకు ఉన్నాయి. వలలో బురదతో పాటు వచ్చి తిరిగి నీళ్ళలోకి పోయే మెత్తని ముద్దకు సంతలో ధర లేదు, కాబట్టి సంత పేరూ లేదు. జాలరులు, వాడబలిజలు తమలో తాము దాన్ని ఏమని పిలిచేవారన్నది వేరే ప్రశ్న. 1864 వ్యాసపు నిర్మాణంలో ఆ ప్రశ్న అడగడానికి చోటే లేదు.

3. పేర్లలో దాగిన సాక్ష్యం

ఈ వ్యాసంలో కొత్తగా వచ్చిన జాతినామాలు వరుసగా చదివితే ఒక విషయం బయటపడుతుంది. వాటిలో ఎక్కువ భాగం విశేషణాలు. ఆర్నేటా అంటే అలంకృత. ఫార్మోసా అంటే సుందర. జెమ్మేసియా అంటే రత్నాల వంటిది. ఫెరూజినోసా తుప్పురంగుది. బైకలర్ రెండు రంగులది. విల్లోసా నూగు ఉన్నది. ఫ్రాజిలిస్ పెళుసైనది. మిలిటారిస్ సైనికుడి వంటిది.

వీటిని రెండు కుప్పలుగా వేరు చేయవచ్చు. 'సుందర', 'అలంకృత' అన్నవి చూసినవాడి మెప్పును చెబుతాయి తప్ప జీవిని ఇంకోదాని నుంచి వేరు చేయవు. ప్రాణుల్లో సుందరమైనవి చాలానే ఉన్నాయి. 'తుప్పురంగు', 'రెండు రంగులు' అన్నవి మాత్రం పరిశీలన. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది: ఎవరి పరిశీలన?

స్పిరిట్‌లో పడిన న్యూడిబ్రాంక్ రంగు నిలవదు. కొద్ది కాలంలోనే పాలిపోయి, ముడుచుకుని, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియని బూడిదరంగు ముద్దగా మారుతుంది. న్యూకాసిల్ చేరేసరికి సీసాల్లో తుప్పురంగు మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ. అంటే మాడ్రెల్లా ఫెరూజినోసాలోని 'ఫెరూజినోసా', జిమ్నోడోరిస్ బైకలర్‌లోని 'బైకలర్' న్యూకాసిల్‌లో కనిపెట్టిన మాటలు కావు. అవి వాల్తేరులో, ప్రాణమున్న జంతువును నీళ్ళ పళ్ళెంలో పెట్టుకుని కుంచె పట్టినవాడి కన్ను చూసినవి. ఆ రంగు బొమ్మలోకి, బొమ్మ నుంచి లాటిన్ మాటలోకి మారింది. ఎలియట్‌కు ప్లాటిడోరిస్ ఎలియోటి అన్న పేరు దక్కింది. ఎవరి చూపు ఆధారంగా రంగులకు పేర్లు పెట్టారో ఆ చిత్రకారుడి గౌరవార్థం మాత్రం ఈ పేర్లలో ఒక్కటీ లేదు. శాస్త్రనామాల్లో మనుషుల పేర్లు చేర్చడం మర్యాదే. ఆ మర్యాద ఎవరి దాకా వచ్చి ఆగిందో గమనించడం విమర్శకుడి పని.

ఫ్రాజిలిస్ కథ ఇంకొంచెం చిక్కు. ఇప్పుడు సెబడోరిస్ ఫ్రాజిలిస్ అని పిలిచే ఈ జీవి పట్టుకున్నప్పుడు తన ప్రావారపు అంచులను ముక్కలుగా విడిచేస్తుంది. బల్లి తోక విడిచినట్టే. మరి ఆ 'పెళుసు' అన్న మాట వాల్తేరులో దాన్ని చేత్తో పట్టినవారి అనుభవమా, లేక న్యూకాసిల్‌లో సీసా తెరిచి ముక్కలను చూసినవారి అనుభవమా? పేరు ఒక్కటే చదివితే తేలదు. మొదటిదైతే అది ప్రవర్తనకు సాక్ష్యం, రెండోదైతే రవాణాకు సాక్ష్యం. టైపు వర్ణనలను చదివేటప్పుడు ప్రతి విశేషణాన్నీ ఇలా ప్రశ్నించడం అవసరం.

ఈ వరుసలో అన్నిటికన్నా విలువైన పేరు కళింగ. అది జాతి పేరు కాదు, ప్రజాతి పేరు. ఈ తీరపు ప్రాచీన దేశనామాన్ని ఆల్డర్, హాన్‌కాక్ ఒక కొత్త ప్రజాతికి పెట్టారు. కళింగ ఆర్నేటా పెద్ద జీవి. పారదర్శకమైన తెల్లటి దేహం మీద ఎర్రని మొనలున్న బుడిపెలు, తల అంచున కొమ్మలు చీలిన ప్రవర్ధనాలు. మెత్తని ఇసుక, బురద అడుగున తిరుగుతూ పెళుసు నక్షత్రాలను తింటుంది. శాస్త్రనామం రాసేటప్పుడు దీని వెనుక వర్ణించినవారి పేర్లు కుండలీకరణాలు లేకుండా వస్తాయి. ప్లాటిడోరిస్ ఎలియోటి వెనుక మాత్రం కుండలీకరణాల్లో వస్తాయి. మొదట వర్ణించిన ప్రజాతి నుంచి జాతిని తర్వాతివారు ఇంకో ప్రజాతిలోకి మార్చారనడానికి ఆ గుర్తు నిదర్శనం. ఎలియోటిని 1864లో డోరిస్ అన్నారు. నూట అరవై ఏళ్ళలో డోరిస్ ఎన్నో ముక్కలైంది. కళింగ మాత్రం చెక్కుచెదరలేదు. తీరం పేరు పెట్టుకున్న ప్రజాతి నిలిచిందని సంతోషించవచ్చు. అయితే అది నిలవడానికి కారణం పేరు కాదు, నిర్మాణం. ఆ నిర్మాణాన్ని నిశితంగా పరిశీలించినవారిలో కె. వీరభద్రరావు ఒకరు. 1936లో రికార్డ్స్ ఆఫ్ ది ఇండియన్ మ్యూజియంలో కళింగ ఆర్నేటా దేహనిర్మాణంపై ఆయన విస్తృతమైన వ్యాసం వెలువడింది. ఈ విషయంపై పరిశోధించేవారు 1864 నుంచి నేరుగా నేటి ఫొటోలకు దూకకుండా ఆ వ్యాసం దగ్గర ఆగాలి.

4. రంగు ఎంతవరకు సాక్ష్యం?

ఇప్పుడు విశాఖ తీరంలో ఋషికొండ దగ్గర స్కూబా డైవింగ్ ఉంది. పోటు తగ్గినప్పుడు రాళ్ళ గుంటలను పరిశీలించే ఔత్సాహికులూ ఉన్నారు. నీళ్ళ కింద తీసిన ఫొటో ఒకటి చేతికి వస్తుంది. జంతువు పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. దాని పేరేమిటి? సాధారణంగా జరిగేది ఇది: ఆ రంగులకు పోలిన రంగులున్న బొమ్మను చిత్రసంపుటంలో వెతికి, దొరికిన పేరును అతికించడం.

ఎలియట్ చిత్రకారుడి పనిని గౌరవించడం ఒకటి, రంగును ఏకైక ప్రమాణంగా తీసుకోవడం వేరొకటి. క్రోమోడోరిస్ ప్రజాతిపై 2018లో వెలువడిన లేటన్, గోస్లినర్, విల్సన్‌ల జన్యు అధ్యయనం ఈ పద్ధతి పునాదినే కదిలించింది. ఒకే జాతిలో రంగుల అమరిక మారుతుంది, వేర్వేరు జాతులు ఒకే అమరికను పంచుకుంటాయి. విషపదార్థాలున్న జీవులు ఒకదానినొకటి అనుకరించడం వల్ల శత్రువుకు ఎంత అయోమయమో గుర్తించేవాడికీ అంతే. కొన్ని బల్లపరుపు పురుగులు కూడా ఇవే రంగులు తొడుక్కుంటాయి. వాటికి వీపు మీద మొప్పలు ఉండవన్న సంగతి గమనించకపోతే పురుగుకు నత్త పేరు పడుతుంది.

1864లోనే రంగు ఎంత పని చేయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిపే ఉదాహరణ ఉంది. వాల్తేరు సేకరణలోని ఒక జీవికి ఆల్డర్, హాన్‌కాక్ డోరిడోప్సిస్ జెమ్మేసియా అని పేరు పెట్టారు. అదే సంవత్సరం ఆంగస్ సిడ్నీ పరిసరాల నుంచి డోరిస్ డెనిసోని అనే జీవిని వర్ణించాడు. రెండూ ఒకటేనని తర్వాతివారు తేల్చారు. ఇప్పుడు చెల్లుతున్న పేరు డెండ్రోడోరిస్ డెనిసోని. వాల్తేరు రత్నం పర్యాయనామాల పట్టికలోకి చేరింది. బంగాళాఖాతంలో, ఆస్ట్రేలియా తీరంలో ఒకే జీవి ఉందని చెప్పినది రంగుల పోలిక అయి ఉండవచ్చు, కాని అది ఏ కుటుంబానిదో చెప్పినది నోరు. ఈ జీవులకు రాడ్యులా లేదు. ఆహారాన్ని గీకకుండా పీలుస్తాయి. ఈ తేడాను పట్టుకునే ఆల్డర్, హాన్‌కాక్ వీటిని డోరిస్ నుంచి విడదీశారు. డోరిడోప్సిస్ అంతర్నిర్మాణం మీద హాన్‌కాక్ 1865లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు. వాల్తేరు రంగుల బొమ్మను న్యూకాసిల్ కత్తెర సరిదిద్దిన సందర్భం ఇది. ఆ వ్యాసం నిలవడానికి కారణం ఈ జోడింపే. రెంటిలో ఒక్కటే ఉంటే అది అందమైన బొమ్మల పుస్తకమో, రంగు తెలియని శవపరీక్షో అయ్యేది.

ప్లాటిడోరిస్ కూడా ఇదే పాఠం చెబుతుంది. ఎలియోటి, ఫార్మోసా రెండూ చదునైన, తోలు వంటి దేహం గలవి. 2002లో డోర్గన్, వాల్డెస్, గోస్లినర్ ఈ ప్రజాతిని పునఃపరిశీలించినప్పుడు పైరంగుతో సరిపెట్టుకోలేదు. జననాంగాల నిర్మాణం దాకా వెళ్ళారు. డైవర్ తీసిన ఫొటోలో జననాంగాల నిర్మాణం కనిపించదు. అందువల్ల ఫొటో ఆధారంగా ఇచ్చిన గుర్తింపు చాలాసార్లు ప్రజాతి దగ్గర ఆగడమే నిజాయితీ. 'ప్లాటిడోరిస్, జాతి నిర్ధారణ కాలేదు' అని రాసిన నమోదు, తప్పు జాతి పేరు రాసిన నమోదు కన్నా విలువైనది. తప్పు పేరు జాబితాలోకి ఎక్కితే తర్వాతి జాబితా దాన్ని అరువు తెచ్చుకుంటుంది, ఆ తర్వాతిది మళ్ళీ. ఒక తీరపు జీవవైవిధ్య పట్టిక మొత్తం ఇలా పూచీ లేని అప్పుల మీద నిలబడే ప్రమాదం ఉంది.

5. వర్ణనకు తెలుగు మాటలు

ఇక్కడ ఒక సులభమైన పరిష్కారం అందరికీ తోస్తుంది: ప్రతి జాతికీ ఒక తెలుగు పేరు పెడదాం. ఈ ఉత్సాహం మంచిదే, కాని తొందరపాటు. ప్రపంచంలో న్యూడిబ్రాంక్ జాతులు సుమారు మూడు వేలు. జన్యు అధ్యయనాలతో వాటి ప్రజాతులే మారుతున్నాయి. 2012లో జాన్సన్, గోస్లినర్ పునర్వ్యవస్థీకరణతో క్రోమోడోరిస్‌లోని ఎన్నో జాతులు గోనియోబ్రాంకస్‌లోకి వెళ్ళాయి. రేపు రెండుగా చీలబోయే జాతికి ఈ రోజు కష్టపడి పెట్టిన తెలుగు పేరు ఎల్లుండి ఎవరికి చెందాలి?

జాతుల పేర్ల కన్నా ముందు కావలసినవి అవయవాల పేర్లు. ఫొటో చూసి విద్యార్థి 'అందంగా ఉంది, ఊదారంగు' అని ఆగిపోకుండా, ఏ అవయవం ఎక్కడ, ఎలా ఉందో తన భాషలో ఒక వాక్యం రాయగలగాలి. ఉదరపాది, ప్రావారం, స్పర్శకం వంటి మాటలు పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికే ఉన్నాయి. వీటికి తోడు మరికొన్ని చాలు. తల మీద జతగా నిలిచే రైనోఫోర్లు నీళ్ళలోని వాసనను పసిగట్టే అంగాలు; వాటిని వాసనకొమ్ములు అనవచ్చు. డోరిడ్‌ల వీపు వెనుక భాగంలో వలయంగా విచ్చుకునే మొప్పలను మొప్పలపువ్వు అంటే చూసినవాడికి వెంటనే అర్థమవుతుంది. నగ్న మొప్పలు అన్న అర్థం గల న్యూడిబ్రాంక్ అనే మాటకు మూలం కూడా ఇవే. ఇయోలిడ్‌ల వీపు మీద గుంపులుగా లేచే సెరాటాను వీపువేళ్ళు అనవచ్చు. ఫిడియానా మిలిటారిస్‌కు ఉన్నవి ఇవే. ఇయోలిడ్‌లు హైడ్రాయిడ్లను తిని వాటి దంశకోశాలను జీర్ణం కాకుండా ఈ వేళ్ళ కొనల్లో దాచుకుంటాయి. అరువు తెచ్చుకున్న ఆయుధాలతో కాపలా కాసే ప్రాణికి 'సైనిక' అన్న పేరు బాగానే అమరింది, పెట్టినవారి ఉద్దేశం ఏదైనా.

ఈ మాటలు చేతిలో ఉంటే పరిశీలన తీరే మారుతుంది. మొప్పలపువ్వు ఉందా, వీపువేళ్ళు ఉన్నాయా, రెండూ లేవా? రెండూ లేక, ఆకులా మడిచిన ఆకుపచ్చ అంచులు కనిపిస్తే అది న్యూడిబ్రాంకే కాకపోవచ్చు. ఎలీసియా వంటి, ఆల్గే రసం పీల్చే వేరే సమూహపు స్లగ్ కావచ్చు. వాసనకొమ్ములు నునుపుగా ఉన్నాయా, పొరలు పొరలుగా ఉన్నాయా? తాకితే మొప్పలు గుంటలోకి ముడుచుకున్నాయా, బయటే ఉండిపోయాయా? ఏం తింటూ కనిపించింది? మాడ్రెల్లా బ్రయోజోవన్ల మీద, చాలా డోరిడ్‌లు స్పంజికల మీద, కళింగ పెళుసు నక్షత్రాల మీద బతుకుతాయి. పళ్ళెం కనిపిస్తే తినేవాణ్ణి సగం గుర్తించినట్టే. రంగు ఈ ప్రశ్నలన్నిటి తర్వాత రావాలి. ఒకే ఫొటోతో ఇవన్నీ తేలవు. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి, కూర్చున్న చోటుతో కలిపి ఒకటి, కొలత తెలిసేలా ఇంకొకటి కావాలి.

సముద్రం చూడని జిల్లాలో ఈ పాఠం చెప్పే అధ్యాపకుడికి వరిమడి నత్తే చాలు. దాన్ని ఒక పళ్ళెంలో పెట్టి పాదం, స్పర్శకాలు, ప్రావారం చూపించి, ఇప్పుడు గుల్ల తీసేసి ఊహించమని, మొప్పలు వీపు మీద పువ్వులా విచ్చుకున్నాయనుకోమని అడిగితే స్టేషన్ ఘన్‌పూర్ తరగతి గదిలోని విద్యార్థి వాల్తేరు పళ్ళెం దగ్గరికి చేరుకుంటాడు. ఆ తర్వాత అతని చేతికి 1864 వ్యాసంలోని బొమ్మలు ఇచ్చి, వర్ణన ముందుగా తెలుగులో రాయమని, పేరు తర్వాత చూడమని చెప్పవచ్చు. చిత్రకారుడు కుంచెతో చేసిన పని అతడు మాటలతో చేస్తాడు. తన వర్ణనకూ ఆల్డర్, హాన్‌కాక్‌ల వర్ణనకూ ఎక్కడ తేడా వచ్చిందో అతడు గుర్తు పెట్టిన చోటే ఆ పాత వ్యాసాన్ని మళ్ళీ చదవడం మొదలవుతుంది.